ఒకే పోగున నాలుగూళ్లు

చికాగోలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, ఊరు చూపించడానికి అల్లుడు మమ్మల్ని మొట్టమొదట విల్లిస్ టవర్ మీదికి తీసుకెళ్లాడు. 110 అంతస్తుల మేడ అది. 103వ అంతస్తులో, నేల నుంచి 1,353 అడుగుల ఎత్తున మమ్మల్ని నిలబెట్టి, "మామయ్యా, ముందు ఊరంతా ఒక్కసారి పైనుంచి చూసుకోండి. తర్వాత ఏది చూసినా అది ఎక్కడుందో, దేనికి దగ్గరో మీకే తెలుస్తుంది" అన్నాడు. గోడలోంచి బయటికి జరిపిన గాజుపెట్టెలోకి మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని అడుగు పెట్టింది. ఒకవైపు కంటికి ఆనినంత మేర మిషిగన్ సరస్సు. సముద్రమని చెప్పినా నమ్మేట్టుంది. ఇంకోవైపు గళ్ల పుస్తకం పరిచినట్టు వీధులు.

ఎత్తు సరే. ఆ రోజు నా మనసులో నిలిచిపోయింది వేరే ఉంది. మధ్యాహ్నం నదిలో పడవ ఎక్కాం. పడవ ముందు ఒక పెద్దావిడ నిలబడి ఒక్కో మేడనూ చూపిస్తూ వచ్చింది. కట్టినవాళ్ల పేరు చెప్పకుండా ఒక్క మేడనూ దాటనివ్వలేదు. పొద్దున మేము ఎక్కిన టవరుకు ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ అనీ, ఢాకాలో పుట్టి ఈ ఊరికి వచ్చిన మనిషి అనీ చెప్పింది. తొమ్మిది చదరపు గొట్టాలను ఒక కట్టగా బిగించినట్టు ఆయన దాన్ని నిలబెట్టాడు. 1871లో ఊరు మంటల్లో బూడిదైతే, ఆ నేల మీదే ఈ మేడలన్నీ లేచాయట. తాగునీరిచ్చే సరస్సులోకి మురుగు పోకూడదని 1900లో నదినే వెనక్కి మళ్లించారట. ఒక సంగతి కొస పట్టుకుని ఇంకో సంగతికి అతుకుతూ పోయింది ఆవిడ. సాయంత్రం ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద కూర్చున్నాం. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడింది ఆ భవనంలోనే. ఆ మెట్ల మీద, ఐస్‌క్రీం తింటూ మనవరాలు అడిగింది: "తాతా, మేము మీ ఊరొస్తే మొదటి రోజు ఏం చూపిస్తారు?"

"చూపిస్తాలే అమ్మణ్ణీ" అన్నాను గానీ, తిరిగొచ్చే విమానంలో ఆ ప్రశ్నే నన్ను పట్టుకుంది.

మాది హిందూపురం. అమెరికా నుంచి పిల్లలు వస్తే ఇక్కడ ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. బెంగళూరులో విమానం దిగుతారు. వారం పది రోజులు చుట్టాలు, విందులు. తిరుపతికి ఒకసారి, పుట్టపర్తికి ఒకసారి, బట్టలు కొనడానికి మళ్లీ బెంగళూరు. లేపాక్షి పదిహేను కిలోమీటర్లే గదా, ఎప్పుడైనా పోవచ్చులే అని పక్కన పెడతాం. ఆఖరుకు ఏదో ఒక సాయంత్రం ఒక గంట. బసవన్న ముందు ఫొటో, వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగడం, చీకటి పడకముందే ఇల్లు చేరడం. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. దానికి కూడా నేను చూపించింది అంతే. ఎక్కడెక్కడి పాఠాలో చెప్పి బతికిన వాడిని, ఇంటి ముందున్న పాఠం నా పిల్లకు చెప్పలేదే అన్న బాధ ఆ పడవలో మొదలైంది.

పోయిన డిసెంబరులో వాళ్లు వచ్చారు. మాకు 103 అంతస్తులు లేవు. ఊరంతా పైనుంచి చూపించలేను. ఒక పట్టుపోగు పట్టుకుని పోదామనుకున్నాను. అది ఎక్కడ మొదలవుతుందో అక్కడి నుంచి.

పొద్దున్నే మా ఆవిడ ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ చేసింది. మధ్యాహ్నానికి చిత్రాన్నం, పెరుగన్నం, ఊరిబిండి డబ్బాలకెత్తింది. మా ప్రాంతంలో బొరుగులు నానబెట్టి తిరగమోత వేసే ఉగ్గాణి లేకుండా ప్రయాణం మొదలుకాదు. తినేసి నేరుగా పట్టుగూళ్ల మార్కెట్‌కు వెళ్లాం.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ పేరు ఈ చుట్టుపక్కల మల్బరీ తోట ఉన్న ప్రతి రైతుకూ తెలుసు. అటు మడకశిర నుంచి, ఇటు చిలమత్తూరు నుంచి, సరిహద్దు దాటి కర్ణాటక పల్లెల నుంచి గోనెసంచుల్లో గూళ్లు తెస్తారు. మార్కెట్‌లో అడుగుపెడితే ముందు వాసన తగులుతుంది. ఆకు, పురుగు, తడి కలిసిన ఒక పచ్చి వాసన. తొట్లలో పోసిన గూళ్లు తెల్లగా, పిట్టగుడ్ల మాదిరి కుప్పలు. బైవోల్టిన్ రకం తెల్లగా ఉంటుంది, సీబీ రకం పచ్చగా. గూళ్ల నుంచి దారం తీసే రీలర్లు వచ్చి గుప్పెడు తీసుకుని, వేలితో నొక్కి, చెవి దగ్గర ఆడించి ధర కడతారు. ఆ వేలంలో పలికే ధర మీదే ఒక ఇంటి నెల రోజుల కష్టం తేలిపోతుంది. నెల రోజులు అని ఊరికే అనడం లేదు. గుడ్డు పగిలిన పురుగు నాలుగు జ్వరాలు దాటి గూడు కట్టేదాకా దాదాపు నాలుగు వారాలు. జ్వరం అంటే రోగం కాదు. పురుగు మేత మాని, కదలకుండా ఉండి, పాత చర్మం విడిచే దశకు మా రైతులు పెట్టుకున్న పేరు. ఆఖరు జ్వరం దాటాక దానికి రాత్రీ పగలూ ఆకు వేయాల్సిందే. ఆ వారం ఆ ఇంట్లో ఆడవాళ్లకు నిద్ర ఉండదు.

ఒక రైతు మా మనవరాలి చేతిలో రెండు గూళ్లు పెట్టాడు. "చెవి దగ్గర పెట్టుకోని ఆడించు పాపా" అన్నాడు. ఆడించింది. లోపల ఏదో టకటకమంది. కళ్లు పెద్దవి చేసింది.

"లోపల ఉందా తాతా?"

"ఉందమ్మా."

"అది ఎప్పుడు బయటికొస్తుంది?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దాచలేదు. "రాదమ్మా. అది గూడు తొలుచుకుని బయటికొస్తే పోగు ముక్కలైపోతుంది. అందుకే ముందే వేడికి చంపి, నీళ్లలో ఉడికించి దారం తీస్తారు. ఈ చిన్న గూడులో కిలోమీటరు దాకా ఒకే పోగు ఉంటుంది, తెగకుండా. అట్లాంటివి ఆరేడు కిలోల గూళ్లు పోస్తే ఒక కిలో పట్టు" అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. రెండు గూళ్లనూ చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకుంది. పిల్లలకు ఇది చెప్పకూడదని మా ఆవిడ చూపులోనే కోప్పడింది. చెప్పాలనే నా ఉద్దేశం. పట్టు కట్టే ఇంట పుట్టిన బిడ్డకు పట్టు ఎట్లా వస్తుందో తెలియాలి.

అక్కడి నుంచి లేపాక్షి. ఊరు మొదట్లోనే బసవన్న. ఒకే రాయి, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటల పట్టెడ, చెవుల మడతలు, కూర్చున్న తీరులోని ఠీవి చూస్తే ఏ క్షణమైనా లేచేట్టే ఉంటుంది. అడవి బాపిరాజు ఈ బసవన్న మీద పాట రాయకుండా ఉండలేకపోయాడు. మనవడికి ఆరేళ్లు. బసవన్న చుట్టూ రెండుసార్లు పరుగెత్తి, "ఇది ఎక్కడి నుంచి తెచ్చారు?" అన్నాడు. ఎక్కడి నుంచీ తేలేదు నాయనా, ఇక్కడున్న బండనే మలిచారు అంటే నమ్మలేదు. గుడి కట్టిన కొండ కూడా తాబేలు వీపు మాదిరి ఉన్న బండే. కూర్మశైలం అంటారు. గుడి లోపల ఏడు పడగల నాగలింగం దగ్గర, శిల్పులు భోజనానికి వచ్చి, తల్లి వంట ముగించే లోపల దాన్ని చెక్కేశారని చెప్పే కథ మనవడికి బాగా నచ్చింది. "ఎంతసేపు వండింది?" అని వాళ్ల అవ్వను అడుగుతూనే ఉన్నాడు.

వేలాడే స్తంభం దగ్గర ఎప్పటిలాగే జనం. మేమూ తువ్వాలు దూర్చాం. బ్రిటిష్ కాలంలో ఒక ఇంజనీరు దాన్ని కదిలించి చూశాడనీ, అందుకే అది పక్కకు జరిగిందనీ గైడ్లు చెబుతారు. అక్కడ ఐదు నిమిషాలు చాలు. లేపాక్షిలో అసలు చూడాల్సింది కింద లేదు, నెత్తి మీద ఉంది. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. యాభై ఏళ్లు దాటాక నాకు నేనుగా తలెత్తి చూసుకున్నాను.

నాట్యమంటపం కప్పు నిండా బొమ్మలు. సున్నం పూత మీద కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, ఆ రంగుల చుట్టూ నల్లటి గీత. కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, పార్వతీ కల్యాణం, దూడను రథం కింద తొక్కించిన కొడుకుకు శిక్ష వేసిన మనునీతి చోళుడి కథ. అర్ధమంటపం కప్పు మీద వీరభద్రుడు నిలువెత్తు కంటే ఎన్నో రెట్లు పెద్దగా. ఆయన పాదాల దగ్గర గుడి కట్టించిన అన్నదమ్ములు విరూపణ్ణ, వీరణ్ణ, పొడుగాటి కుళ్లాయిలు పెట్టుకుని చేతులు జోడించి నిలబడ్డారు. అచ్యుతదేవరాయలు రాజ్యమేలిన 1530ల నాటి పని ఇది. ఐదు వందల ఏళ్ల కిందటి మనుషులు ఏ బట్ట కట్టారో, కొప్పు ఎట్లా ముడిచారో, ఏ నగ ఎక్కడ పెట్టుకున్నారో అంతా ఉంది.

మెడ నొప్పి పుట్టి మనవరాలు చల్లటి రాతి నేల మీద వెల్లకిలా పడుకుంది. దాని పక్కనే వాళ్లమ్మ కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు కప్పు వంక చూస్తూ ఉండిపోయారు. ఆడవాళ్ల చీరలు చూడమన్నాను. ఒకామె చీర నిండా గళ్లు. ఒకామెది నిలువు చారలు. ఒకామెది చుక్కల మధ్య పువ్వులు. ఏ రెండు చీరలూ ఒక తీరుగా లేవు. తర్వాత బయటికి వచ్చి లతామంటపం స్తంభాల దగ్గరికి తీసుకెళ్లాను. ఒక్కో ముఖానికి ఒక్కో రకం అల్లిక. తీగ మెలికలు, మెలికలో పువ్వు, పువ్వులో ఇంకో పువ్వు.

మా అమ్మాయి ఒక స్తంభం ముందు ఆగిపోయింది. వేలు పెట్టి తీగ వెంబడి గీస్తూ పోయింది. వెనక్కి తిరిగి, "నాన్నా, ఇది నా పెళ్లిచీర అంచు" అంది.

పద్నాలుగేళ్ల కిందట ధర్మవరంలో కొన్న చీర అది. ముహూర్తానికి కట్టుకుంది. చికాగోలో బీరువా అడుగున ఉందట. నెమరేసుకుంటూ మళ్లీ మళ్లీ ఆ రాయిని తాకింది. దాని కళ్లలో నీళ్లు చూసి అల్లుడు పక్కకు వెళ్లాడు. నేను ఇంతకాలం చూపించకుండా దాచినట్టయింది, నాకే తెలియకుండా. ధర్మవరం నేతగాళ్లు లేపాక్షి రాతి మీది, కప్పు మీది నమూనాలను చీర మీదికి తెచ్చుకున్నారన్నది మా వైపు అందరికీ తెలిసిన మాటే. తెలిసిన మాటకూ, సొంత చీర అంచు రాతి మీద కనిపించడానికీ చాలా తేడా ఉంది.

కల్యాణమంటపం సగంలో ఆగిపోయింది. పైకప్పు లేదు. ఆకాశమే. ఎందుకు ఆగిందంటే, విరూపణ్ణ పెనుకొండలో రాయల ఖజానా చూసే అధికారి అని, రాజుకు చెప్పకుండా ఆ డబ్బు గుడికి ఖర్చు చేశాడని, రాజు కళ్లు పీకమన్నాడని, భటులకు ఆ శ్రమ ఎందుకని తానే పీకి గోడకు కొట్టాడని చెప్పుకుంటారు. గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. శాసనాలు చదివితే అచ్యుతరాయల కాలంలోనే విరూపణ్ణ గుడికి ఇచ్చిన దానాలు కనిపిస్తాయి. కళ్లు పీకించిన మాట జనం నోటి కథ. అయినా ఆ మరకల ముందు నిలబడినప్పుడు మాట పెగలదు. ఈ గుడిని యునెస్కో 2022లో తన తాత్కాలిక జాబితాలో చేర్చుకుంది. అందులో శిల్పంతో పాటు చిత్రకళ పేరు కూడా రాశారు. చిత్రాలు వేసిన వాళ్ల పేర్లు మాత్రం మనకు మిగల్లేదు. చికాగో పడవలో పెద్దావిడ గుర్తుకొచ్చింది. ఆమెను ఇక్కడికి తెస్తే ఈ కప్పు కింద ఎవరి పేరు చెబుతుంది?

లేపాక్షి నుంచి కొడికొండ దారి పట్టి జాతీయ రహదారి ఎక్కాం. పాత ఏడో నంబరు, ఇప్పుడు నలభై నాలుగు. సోమందేపల్లి దాటాక ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ. 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల సామర్థ్యం. 2019లో ఇక్కడి నుంచి మొదటి కారు బయటికొచ్చింది. బారులు తీరిన కార్లు చూసి మనవడు కిటికీకి అతుక్కుపోయాడు. దారి పక్కన కొరియా అక్షరాల బోర్డులు. నాకు ఆ కార్ల కంటే ముందు గొల్లపల్లి రిజర్వాయరు గుర్తొస్తుంది. శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు హంద్రీ నీవా కాలువలో వందల కిలోమీటర్లు ఎక్కి దిగి 2016లో ఇక్కడికి చేరాయి. ఆ నీళ్లు రాకపోతే ఈ ఫ్యాక్టరీ లేదు. చికాగోవాళ్లు నదిని వెనక్కి తిప్పారని విన్నప్పుడు నేను ఆశ్చర్యపోలేదు, మా కాలువ నాకు తెలుసు గనుక. కానీ ఆ సంగతి అక్కడ పడవలో చెప్పినట్టు ఇక్కడ పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

పెనుకొండ. పెద్ద కొండ, పెద్ద కోట. ఊరు ఇప్పుడు చిన్నదే. కొండ కింద నీడ చూసుకుని డబ్బాలు విప్పాం. తింటూ చెప్పాను. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగరం విడిచి తిరుమలరాయలు వచ్చి కూర్చున్నది ఇక్కడే. ఆ వచ్చేటప్పుడు 550 ఏనుగుల మీద బంగారం, వజ్రాలు తెచ్చుకున్నారని 1900లో అచ్చైన తన పుస్తకంలో రాబర్ట్ స్యూయెల్ రాశాడు. ఏనుగులు అనగానే మనవడు అన్నం ముద్ద చేతిలోనే ఆపి ఆ రోడ్డు వంక చూశాడు. హంపీ కాలిపోయాక మిగిలిన రాజ్యానికి ఇది రాజధాని అయింది. కొన్నేళ్ల తర్వాత వేంకటపతిరాయలు చంద్రగిరికి వెళ్లేదాకా ఇక్కడి నుంచే పాలన. కాలిపోయి లేచిన ఊరని చికాగో గురించి గర్వంగా చెబుతారు. కాలిన ఊరినుంచి వచ్చినవాళ్లకు తలదాచుకునే చోటు ఇచ్చిన ఊరు పెనుకొండ. దానికీ ఆ గర్వం ఉండాలి.

గగన్‌మహల్ చూశాం. రాముడి గుడి, ఈశ్వరుడి గుడి పక్కపక్కనే చూశాం. పార్శ్వనాథుడి జైన ఆలయం చూశాం. బాబయ్య దర్గాలో మా ఆవిడ చక్కెర చదివించింది. మా పెళ్లైన కొత్తలో మా అత్తగారు మొక్కుకున్న మొక్కు అక్కడిదే. ఈ ఊళ్లో గుడి, బసది, దర్గా మధ్య నడకే తప్ప బండి అక్కర్లేదు. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని తలుపులు తెరిచి ఉండడం నాకు ఎప్పుడు చూసినా సంతోషం.

తిమ్మరుసు చెర అని చూపించే చోట మాత్రం చాలాసేపు నిలబడ్డాం. కృష్ణదేవరాయల మంత్రి, ఆయనను కొడుకులా పెంచి సింహాసనం ఎక్కించిన మనిషి. రాకుమారుడి చావుకు కారణమన్న అనుమానంతో ఆయనను బంధించి, కళ్లు తీయించారని కథ. మనవరాలు వింటూ ఉన్నట్టుండి అడిగింది:

"తాతా, పొద్దున ఆయన కళ్లు కూడా తీసేశారు గదా. ఇక్కడ మంచి పని చేసిన వాళ్ల కళ్లు ఎందుకు తీసేస్తారు?"

ఆ రెండు కథలూ నాకు బాల్యం నుంచి తెలుసు. రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక్కసారీ చూడలేదు. పదేళ్ల పిల్ల ఒక్క పూటలో చూసింది. నాకు జవాబు దొరకలేదు. అల్లుడు ఏదో చెప్పబోయి మానుకున్నాడు. దాని తల నిమిరి, "మంచి ప్రశ్న అమ్మణ్ణీ" అన్నాను. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పుడే కాదు, ఇప్పుడూ లేదు.

ధర్మవరం చేరేసరికి మూడున్నర దాటింది. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టిన ఊరు. మా తరం చదువుకున్నవాళ్లకు ఆ పేరుతో తెలుసు. మిగతా లోకానికి పట్టుచీరతో తెలుసు. వీధిలోకి తిరగగానే రెండు పక్కలా ఇళ్లలోంచి మగ్గం చప్పుడు. పెద్ద దుకాణానికి పోదామా అని డ్రైవరు అడిగాడు. వద్దని, తెలిసినవాళ్ల ద్వారా ఒక నేత ఇంటికి వెళ్లాం. రెండు గదులు. ముందు గదంతా మగ్గమే. గుంతలో కాళ్లు పెట్టుకుని ఒకతను నేస్తున్నాడు. నాడె ఇటు నుంచి అటు పోయినప్పుడల్లా ఒక పేక పడుతుంది. పలక వచ్చి దాన్ని కొడుతుంది. నెత్తి మీద జకార్డు, దాని మీంచి గొలుసులా దిగుతున్న చిల్లుల అట్టలు. అట్టలో చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ముందు గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, గడి గడికీ లెక్కేసి ఆ చిల్లులు కొడతారు. అల్లుడు సాఫ్ట్‌వేర్ మనిషి. వంగి వంగి చూశాడు. 1804లో ఫ్రాన్స్‌లో జకార్డ్ అనే ఆయన కట్టిన యంత్రం ఇది, కంప్యూటర్లకు చిల్లుల కార్డులు దీన్ని చూశాకే వచ్చాయని పిల్లలకు చెప్పాడు. ఆ రోజంతటిలో అతను ఒక్కసారి కూడా ఫోను తీసి చూడనిది ఆ ఇంట్లోనే.

లోపలి గదిలో ఒక ఆడమనిషి అచ్చు అతుకుతోంది. ఒక పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. కొన్ని వేల పోగులు. బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి ఒక్క మెలిక తిప్పుతుంది. ముడి పడదు. పోగు మీద పోగు ఎక్కి పట్టుకుంటుంది, అంతే. చూస్తుంటే వేళ్లు కదిలినట్టే లేదు. మనవరాలు ఆమె పక్కన కూర్చుని ఒక పోగు అతకబోయింది. పోగు కనిపించనే లేదు. ఆమె దాని వేలు పట్టుకుని పోగు మీద పెట్టించింది.

"కనపడితే చేసేది కాదు పాపా, తగిలితే చేసేది" అంది. మా ఆవిడ వైపు తిరిగి, "నలభై దాటినాక కళ్లు ఆనవు అక్కా. వేళ్లే చూస్తాయి" అంది.

మనవరాలు నా వంక చూసింది. ఏమీ అనలేదు.

చీరకు వారం, పది రోజులు. అంచు, కొంగు పెద్ద పనైతే ఇంకా ఎక్కువ. అందులో ఆ ఇంటి మొగుడూ పెళ్లాల ఇద్దరి కష్టమూ ఉంటుంది, లెక్కలో మాత్రం ఒకరిదే కనిపిస్తుంది. అంచు, కొంగు ఉన్న పట్టుచీరను మరమగ్గం మీద నేయకూడదని 1985లో చట్టం వచ్చింది. అయినా మరమగ్గం చీర చేనేత పేరుతో అమ్ముడవుతూనే ఉంది. చూడడానికి ఒకటే మాదిరి ఉండి సగం ధరకే వస్తుంటే కొనేవాళ్లు ఏం చేస్తారు? ధర్మవరంలో మగ్గం గుంతలు పూడ్చుకుని బెంగళూరు కూలికి పోయిన ఇళ్లు ఉన్నాయి. అప్పుల కింద నలిగి ప్రాణం తీసుకున్న నేతగాళ్ల వార్తలు ఈ ఊరి నుంచి మనం ఎన్నోసార్లు చదివాం. చదివి పక్కన పెట్టాం. ఇది నాకు కడుపులో మంట. లేపాక్షి కప్పు రాలిపోకుండా కాపాడమని ఎంత గట్టిగా అడగాలో, ఆ కప్పు మీది చీరను ఇంకా నేస్తున్న చేతుల కోసం అంత గట్టిగానే అడగాలి. కప్పు మీది బొమ్మ రంగు వెలిస్తే బాగుచేసేవాళ్లు వస్తారు. అచ్చు అతికే వేళ్లు ఒక తరం ఆగిపోతే మళ్లీ నేర్పడానికి ఎవరుంటారు?

మగ్గం మీది చీర అంచు చూసి మా అమ్మాయి పొద్దున ఫోనులో తీసుకున్న స్తంభం ఫొటో చూపించింది. నేతగాడు ఒక్క చూపు చూసి, "మాదేనమ్మా" అన్నాడు. ఆ మాటలో గొప్ప ఏమీ లేదు. ఇంటి మనిషి ఫొటో చూపిస్తే అనే మాట అది. లేపాక్షికి ఎప్పుడైనా పోయినారా అని అడిగితే, వాళ్ల నాయనతో చిన్నప్పుడు ఒక్కసారి పోయినానన్నాడు. వాళ్ల నాయన స్తంభాల దగ్గర కూర్చుని బీడీ పెట్టె వెనక పెన్సిలుతో తీగ గీసుకున్నాడట.

మనవరాలికి పావడ తీసుకున్నాం. ధర్మవరానికి వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా పట్టుచీరలకూ, పావడలకూ కలిపి వచ్చిందే. మెరూన్ రంగు, పచ్చ అంచు. అది పావడ పట్టుకుని, జేబులోంచి చేతిరుమాలు విప్పి పొద్దుటి గూడు తీసి అంచు పక్కన పెట్టి చూసుకుంది. తర్వాత అచ్చు అతికే ఆమె దగ్గరికి వెళ్లి, వచ్చీరాని తెలుగులో, "మీ పేరేంటండీ?" అని అడిగింది.

ఆమె తడబడింది. ఆ ఇంటికి చీరలు కొనడానికి ఎంతోమంది వచ్చి ఉంటారు. ఆ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. మొగుడి పేరు చెప్పబోతే, "ఆయనది కాదు, మీది" అంది మనవరాలు. చెప్పింది. అది తన పుస్తకంలో తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసుకుంది. నేతగాడి పేరు కూడా రాసుకుంది. చీకటి పడ్డాక పెనుకొండ మీదుగా హిందూపురం వస్తుంటే కార్లో నిద్రపోయింది, పుస్తకం ఒళ్లోనే పెట్టుకుని.

మీ పిల్లలు కూడా ఈసారి సెలవులకు వస్తారు. బెంగళూరు మాల్స్ ఎక్కడికీ పోవు. మొదటి రోజును ఇటు ఇవ్వండి. హిందూపురంలో ఒక పట్టుగూడు వాళ్ల చేతిలో పెట్టండి. లేపాక్షిలో స్తంభం దగ్గర ఐదు నిమిషాలు, కప్పు కింద ఒక గంట ఉండండి. పెనుకొండలో కూర్చుని అన్నం తినండి. ధర్మవరంలో దుకాణానికి పోయే ముందు మగ్గం ఉన్న ఇంటికి ఒకసారి వెళ్లండి. చీర కొనకపోయినా ఫర్వాలేదు, నేసినవాళ్ల పేరు అడిగి రండి.